ఊదు, ఊదు, ఇంకా ఊదు

నెల్లూరు పొగతోటలో, ఆస్పత్రులన్నీ వరసగా ఉండే సందులో మా క్లినిక్. అందులో మూల గది నాది. తలుపు మీద 'పీఎఫ్‌టీ' అని ఉంటుంది, అంటే ఊపిరితిత్తులు ఎట్లా పనిచేస్తున్నాయో చూసే పరీక్ష. జనం మాత్రం ఊదే గది అంటారు. చదివింది డీఎంఎల్‌టీ, రక్తాలు తీయాల్సినదాన్ని. చేరిన కొత్తలో ఈ మిషన్ దగ్గర మనిషి లేక సార్ నన్ను కూర్చోబెట్టారు, అక్కడే ఉండిపోయాను. పొద్దున రాగానే మూడు లీటర్ల సిరంజితో మిషన్‌లోకి గాలి కొట్టి, లెక్క సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకుంటాను. ఆ తర్వాత సాయంత్రం దాకా అరవడమే నా పని. "పీల్చు, పీల్చు, నిండా పీల్చు, ఇప్పుడు ఒక్కసారిగా ఊదు, ఊదు, ఊదు, ఆపొద్దు, ఇంకా ఊదు!" పక్క గది స్కానింగ్ అమ్మాయి నా గొంతుకు దిష్టి తీయాలంటుంది.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది బీడీలు కాల్చిన తాతలు, ఉబ్బసం ఉన్న ఆడవాళ్లు, రైస్ మిల్లు కూలీలు. సైదాపురం వైపు మైకా గనుల్లో దుమ్ము పీల్చినవాళ్లూ ఉంటారు. వాళ్ల మధ్య బెంచీ మీద అప్పుడప్పుడు పన్నెండేళ్ల పిల్లో, పదహారేళ్ల పిల్లాడో కూర్చుని ఉంటారు. పక్కన తల్లిదండ్రులు ఉండరు. అవ్వో మేనమామో ఉంటారు. చీటీ మీద సార్ చిన్న అక్షరాలతో 'ఆర్‌వీడీ' అని రాస్తారు. హెచ్‌ఐవీ అని నలుగురి కళ్లా పడకుండా డాక్టర్లు వాడే గుర్తు. తల్లి నుంచి వైరస్ వచ్చిన పిల్లలు వీళ్లు. మాత్రలు వేళకు మింగుతున్నారు, బతికి బట్టకట్టి టీనేజీలోకి వచ్చారు. కానీ రెండంతస్తుల మెట్లెక్కితే రొప్పుతున్నారు.

వీళ్ల గురించి రాస్తున్నాను కాబట్టి ఊళ్లు, వయసులు, చుట్టరికాలు కొంచెం అటూ ఇటూ మార్చేశాను. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం వాళ్ల అనుమతి లేకుండా ఎవరి సంగతీ బయటపెట్టకూడదు. ఇంకోటి, వీళ్ల అమ్మానాన్నలకు ఎట్లా వచ్చిందో కామెంట్లలో అడగొద్దు. మా స్టాఫ్‌లో కూడా అందరూ అడిగే మొదటి ప్రశ్న అదే. పిల్లాడి ఊపిరికీ ఆ ప్రశ్నకీ ఏ సంబంధమూ లేదు.

కలిగిరి వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. పదిహేనేళ్లు, చూస్తే పదకొండు అనుకుంటాం. అవ్వ చేతిలో గుడ్డ సంచి, సంచి నిండా పాత ఎక్స్‌రేలు. స్కూల్లో అందరూ గ్రౌండ్ చుట్టూ పరిగెడుతుంటే వీడు చెట్టు కింద కూర్చుంటాడట, సోంబేరి అని పేరు పడింది. అవ్వ బాధ వేరే.

"రేతిరంతా దగ్గతానే ఉండాడు పాపా. ఏఆర్‌టీ కాడ అడిగితే రిపోర్టు బెమ్మాండంగా ఉందంటారు. రిపోర్టు బాగుంటే పిలకాయ బాగుండాల గదా?"

ఏఆర్‌టీ అంటే హెచ్‌ఐవీ మాత్రలిచ్చే సెంటర్. అవ్వ చెప్పే రిపోర్టు వైరల్ లోడ్ పరీక్ష. నిజంగానే బాగుంది. 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని వచ్చింది, అంటే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గిపోయింది. మాత్రలు తమ పని తాము చేశాయి. అయితే వైరస్ అణగకముందు, ఆ పిల్లాడికి జబ్బు ఉందని ఎవరికీ తెలియని ఎనిమిదేళ్లలో, మళ్లీ మళ్లీ నెమ్ము చేసి, జ్వరాలొచ్చి, లోపల ఊపిరితిత్తుల్లో జరిగిన నష్టం ఉంది చూశారూ, దాన్ని ఆ రక్తపరీక్ష చూపించదు. దానికి వేరే పరీక్ష కావాలి. నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే, మిగతాదంతా వివరం.

ముందు ఎత్తు కొలిచాను. 138 సెంటీమీటర్లు. ఎత్తు ఎందుకంటే, ఎవరు ఎంత గాలి ఊదాలో మిషన్ వయసు, ఎత్తు, ఆడా మగా చూసి లెక్కగడుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. చిన్నప్పటి నుంచీ జబ్బుతో ఉన్న పిల్లలు ఎదగరు. పొట్టిగా ఉన్నారు కాబట్టి మిషన్ వాళ్లను అడిగేదే తక్కువ గాలి. ఆ తక్కువ కూడా ఊదలేకపోయారంటే సంగతి ఎంత దూరం వెళ్లిందో ఆలోచించండి. ఎత్తు బదులు అంచనాగా ఏదో అంకె కొట్టేసే చోట్లు కూడా చూశాను. అలాంటప్పుడు ఆ రిపోర్టు చిత్తు కాగితమే.

పిల్లల కోసం మా మిషన్‌లో ఒక బొమ్మ ఉంది, ఊదితే తెర మీద కొవ్వొత్తులు ఆరిపోతాయి. అది పెట్టబోతే "నేనేమన్నా చంటోడినా మేడం" అన్నాడు. సరే నాయనా అని మామూలు గీతే పెట్టాను. ముక్కుకు క్లిప్పు పెట్టి ఊదించాను. మొదటిసారి సగంలో దగ్గొచ్చి ఆగిపోయాడు. ఈ పరీక్షలో కనీసం మూడుసార్లు సరిగ్గా ఊదాలి, అందులో మంచివి రెండూ 150 మిల్లీలీటర్ల తేడా లోపల ఉండాలి, అప్పుడే నమ్ముతాం. నీళ్లు తాగించి, కూర్చోబెట్టి, మళ్లీ ఊదించి, ఎట్లాగో పూర్తి చేశాం. మొదటి సెకనులో వదిలిన గాలి, ఉండాల్సిన దాంట్లో 56 శాతం. గీత నిటారుగా పైకి లేచి, దిగేటప్పుడు లోపలికి గుంటపడింది. బీడీలు కాల్చిన తాతల గీతలు అట్లా ఉంటాయి. పదిహేనేళ్ల వాడిది అట్లా రాకూడదు.

తర్వాత సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు, స్పేసర్ అనే డబ్బా తగిలించి. పావుగంట ఆగి మళ్లీ ఊదించాం. ఆస్తమా అయితే ఈ మందుకు ఊపిరి గొట్టాలు విచ్చుకుని అంకె బాగా పెరుగుతుంది. వీడిది 58 దగ్గర ఆగింది. అంటే ఆస్తమా కాదు, కనీసం మామూలు ఆస్తమా కాదు. దానికి ముందు రెండేళ్లుగా వీడు ఆస్తమా ఇన్‌హేలర్ వాడుతున్నాడు.

సార్ సీటీ రాశారు. ఊపిరి నిండా పీల్చి ఒకసారి, పూర్తిగా వదిలి ఇంకోసారి, రెండూ తీయమన్నారు. వదిలినప్పుడు తీసిన దాంట్లోనే అసలు సంగతి కనిపిస్తుంది. మామూలు మనిషికి గాలి ఖాళీ అవగానే ఊపిరితిత్తి అంతా తెల్లబడాలి. వీడిది అక్కడక్కడా తెల్లబడింది, అక్కడక్కడా నల్లగానే ఉండిపోయింది. నల్లగా ఉన్న చోట గాలి లోపలే చిక్కుకుపోయిందన్నమాట. రెండు మిల్లీమీటర్లకన్నా సన్నగా ఉండే చిట్టచివరి గొట్టాల చుట్టూ మచ్చకట్టి అవి బిగుసుకుపోతాయి. దీన్ని కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్ అంటారు. మామూలు ఎక్స్‌రేలో ఇది కనపడకపోవచ్చు, లేదా ఏదో కొంచెం తేడాగా ఉందనిపించవచ్చు. అవ్వ సంచిలో అన్ని ఎక్స్‌రేలు ఉండి కూడా సంగతి తేలకపోవడానికి కారణం అదే.

ఈ గొట్టాల సంగతి నాకన్నా బాగా పొదలకూరు వైపు నిమ్మతోట రైతు ఒకాయన చెప్పాడు. మనవరాలిని తీసుకొచ్చాడు, ఆ పాపదీ ఇదే కథ. నేను బొమ్మ గీసి అవస్థపడుతుంటే, "అంటే మోటారు బాగుంది, పెద్ద పైపు బాగుంది, ఉప్పునీళ్లకి డ్రిప్పర్లు పూడిపోయినాయి, అంతే గదమ్మా" అన్నాడు. అంతే పెద్దాయనా అన్నాను. "డ్రిప్పర్లయితే యాసిడ్ పోసి కడుగుతాం, దీన్నేం చేయాల?" అని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, సార్ దగ్గరికి పంపాను. సార్ కూడా కడిగే మందు లేదనే చెప్పారు.

ఈ జబ్బు గురించి ఎక్కువగా పనిచేసింది ఆఫ్రికాలో. మందు లేకపోతే, తల్లి నుంచి వైరస్ వచ్చిన పిల్లల్లో సుమారు సగం మంది రెండేళ్లు నిండేలోపే చనిపోతారు. అందుకని ఎవరూ పెద్దయ్యే దాకా మిగలరనే అనుకునేవాళ్లు. కానీ కొందరు మందులేకుండానే పది పన్నెండేళ్ల దాకా నెట్టుకొచ్చారు. జింబాబ్వేలో అట్లాంటి పిల్లలు ఆస్పత్రులకొచ్చినప్పుడు చాలామందికి విడవని దగ్గు, ఆయాసం ఉండటం అక్కడి డాక్టర్లు గమనించారు. తర్వాత హరారేలోనూ, మలావీలోని బ్లాంటైర్‌లోనూ 6 నుంచి 19 ఏళ్ల మధ్య ఉన్న 347 మందికి ఒక ప్రయోగం చేశారు. సగం మందికి వారానికోసారి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, 48 వారాల పాటు. 2020 డిసెంబర్‌లో ఫలితాలు వచ్చాయి. ఊదే బలం పెరగలేదు. అయితే దగ్గూ ఆయాసం ఒక్కసారిగా తిరగబెట్టి ఆస్పత్రికి పరిగెత్తడం దాదాపు సగానికి తగ్గింది.

ఇది మా సార్ చెప్పినప్పుడు నేను నీరసపడ్డాను. ఆయన మాత్రం సగానికి తగ్గడం చిన్న సంగతా అన్నారు. ఒక్కోసారి తిరగబెట్టినప్పుడు ఎన్ని రోజులు స్కూలు పోతుందో, ఎన్ని బస్సు చార్జీలో, ఎన్ని కూలి రోజులో లెక్కేస్తే నాకూ అది నిజమే అనిపించింది. అట్లాగని ఆయన ఆ మందు అందరికీ రాయరు. ఊరికే వాడితే క్రిములు మొండికేస్తాయని, ముందు టీబీ లేదని తేల్చుకోవాలని అంటారు.

టీబీ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా కోపం అంతా అక్కడే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం నిజంగానే చాలా ఎక్కువ. దగ్గుతో వస్తే మొదట టీబీ చూడాల్సిందే, ఊదే పరీక్ష కూడా అది తేలాకే చేయాలి. చూడటమంటే కళ్లె తీసి, అందులో టీబీ క్రిమి ఉందేమో వెతికే సీబీనాట్ పరీక్ష చేయడం. ప్రభుత్వాస్పత్రిలో ఉచితం. మా కలిగిరి అబ్బాయికి ఏం చేశారంటే, ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే చూసి ఆరు నెలల టీబీ కోర్సు వాడించారు. దగ్గు తగ్గలేదు. ఇంకో చోటికి వెళ్తే మళ్లీ ఆరు నెలలు. రెండుసార్లూ కళ్లె పరీక్ష కాగితం అవ్వ సంచిలో లేదు. సంచి మొత్తం నేలమీద పరిచి మరీ వెతికాం. పసుపు, కుంకుమ పొట్లాలు కూడా దొరికాయి గానీ ఆ కాగితం దొరకలేదు.

ఇన్‌హేలర్ సంగతి అంతకన్నా భయం పుట్టించేది. ఒక అమ్మాయి, అప్పటికి పదిహేడేళ్లు. మొదటి హెచ్‌ఐవీ మందులు పనిచేయక రిటోనవిర్ ఉన్న రెండో వరస మందులు వాడుతోంది. ఆయాసానికి ఊళ్లో ఆర్‌ఎంపీ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఒకటి ఇచ్చాడు, ఫ్లూటికాసోన్ ఉన్నది. మామూలు మనిషికి అది ఊపిరితిత్తుల్లో పనిచేసి, రక్తంలోకి వెళ్లిన కాస్తా లివర్‌లో విరిగిపోతుంది. రిటోనవిర్ ఆ విరగ్గొట్టే పనిని ఆపేస్తుంది. అందుకని స్టెరాయిడ్ ఒంట్లో పేరుకుపోతుంది. పాప మొహం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట మీద ఎర్రటి చారలొచ్చాయి. ఇంట్లోవాళ్లు మందులు ఒంటికి పట్టాయి, పిల్ల ఒళ్లు చేసింది అని సంతోషపడ్డారు! సార్ చూసీ చూడగానే మందుల డబ్బాలన్నీ టేబుల్ మీద పెట్టమన్నారు. ఇప్పుడు ఎక్కువమంది పిల్లలు వాడే డోలుటెగ్రవిర్‌తో ఈ గొడవ లేదు. మీ ఇంట్లో ఎవరైనా రిటోనవిర్ వాడుతూ ఇన్‌హేలర్ పీలుస్తుంటే డాక్టర్‌కి రెండూ కలిపి చూపించండి. ఇది చదివి మీకు మీరే ఇన్‌హేలర్ ఆపేయొద్దు, స్టెరాయిడ్ ఒక్కసారిగా మానేస్తే అదొక ప్రమాదం.

మరి చేయగలిగింది ఏముంది? మాత్రలు ఒక్క పూట కూడా తప్పకపోవడం. ఏడాదికోసారి ఫ్లూ టీకా. డాక్టర్ చెప్పినప్పుడు న్యూమోనియా టీకా. కళ్లె రంగు మారితే, జ్వరమొస్తే ఆలస్యం చేయకుండా రావడం. పొగకు దూరంగా ఉండటం.

ఈ చివరిదే మన జిల్లాల్లో కుదరని పని. కలిగిరి, డీసీపల్లి నుంచి మొదలుపెడితే అటు పొదిలి, కొండపి దాకా పొగాకు ఊళ్లు. సంక్రాంతి దాటాక ఆకు ఆరబెట్టే బ్యారన్లు వెలుగుతాయి. పచ్చాకు కర్రలకు కట్టి లోపల వేలాడదీస్తారు, బయట పొయ్యిలో మొద్దులు కాలుస్తారు, రోజుల తరబడి రాత్రీ పగలూ మంట ఆరకూడదు. ఈ అబ్బాయి మేనమామకు బ్యారన్ ఉంది. ఇల్లు దాని పక్కనే. రాత్రిపూట పొయ్యి చూసుకునే పని మగపిల్లలది. వీడిది బరువులు మోయలేని ఒళ్లు కాబట్టి, పాపం, కూర్చుని చేసే పని అని ఆ పొయ్యి దగ్గర కాపలా అప్పగించారు. ఇంట్లో వంట కూడా చిల్లకంపతోనే. గ్యాస్ సిలిండర్ ఉంది, చుట్టాలొస్తే వెలిగిస్తారట.

మేనమామను పిలిపించారు సార్. ఆయన మంచి మనిషే. అక్క పోయాక ఈ పిల్లాడిని సొంత బిడ్డలా పెంచుతున్నాడు. "ఏఆర్‌టీ పింఛను నాలుగు వేలొస్తా ఉంది సార్, కాదనను. కానీ ఇల్లు గడిచేది ఆ ఆకు మీదనే. బ్యారన్ ఆపమంటే యాడ ఆపేది?" ఎవరూ ఆపమనలేదు. పొయ్యి డ్యూటీ వేరేవాళ్లకి ఇమ్మన్నారు, ఆ రెండు మూడు నెలలు పిల్లాడిని ఊళ్లోకి పంపి వేరే ఇంట్లో పడుకోబెట్టమన్నారు, గ్యాస్ రోజూ వెలిగించమన్నారు. మొదటి రెండూ జరిగాయి. గ్యాస్ సంగతి అవ్వ దాటవేస్తోంది.

కూర్చున్నప్పుడు బాగానే ఉన్నా నడిస్తే బయటపడే పిల్లలు కొందరున్నారు. కోవిడ్ టైంలో అందరూ కొనుక్కున్న వేలికి పెట్టే ఆక్సీమీటర్ గుర్తుందా, దాంతోనే చూస్తాం. కలిగిరి అబ్బాయికి కూర్చున్నప్పుడు 96 చూపించింది. వరండాలో ఆరు నిమిషాలు నడిపిస్తే 88కి దిగింది. వేలు చూస్తే గోళ్లు కూడా ఉబ్బెత్తుగా, గుండ్రంగా తిరిగి ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో జబ్బు చాలాకాలంగా ఉందనడానికి అదొక గుర్తు. ఏ సెంటర్‌లో అయినా సరే, బరువు చూసే మనిషే ఒక వరండా, ఒక ఆక్సీమీటర్‌తో ఇది చూడొచ్చు. దీనికి కొత్త బడ్జెట్ కూడా అక్కర్లేదు. నెలనెలా మందులకొచ్చే పిల్లల్ని ఒక్కసారి నడిపించి చూడటానికి ఏమైందో నాకిప్పటికీ అర్థం కాదు.

మా దగ్గర జరిగే ఒక విషయం కూడా రాయాలి. చీటీ మీద ఆ మూడక్షరాలు చూడగానే, "ఇతన్ని లాస్ట్‌లో పెట్టుకోండి మేడం" అనే వాళ్లు ఉంటారు. గొట్టం నోట్లో పెట్టుకుంటారు కదా అని భయం. ఎంగిలి వల్ల, దగ్గు వల్ల హెచ్‌ఐవీ అంటదు. పైగా మౌత్‌పీసూ ఫిల్టరూ ఒక్కొక్కరికి కొత్తవి వేస్తాను, కలెక్టర్ వచ్చినా అంతే. ఆ ఫిల్టర్ వేసేది టీబీకీ ఇతర క్రిములకీ భయపడి. నా గదిలో టోకెన్ వరస మారదు. దీని మీద ఒకసారి పెద్ద గొడవే అయింది, సార్ నా పక్షాన నిలబడ్డారు కాబట్టి సరిపోయింది.

అవ్వ మొదటి రోజే నన్ను పక్కకు లాగి, "వాడి ముందర ఆ పేరెత్తొద్దు పాపా, వాడికి తెలవదు" అంది. మాత్రల డబ్బా మీది కాగితం గోటితో గీకేసి తెచ్చింది. వాడికి చెప్పింది గుండెలో నీరసానికి మందులని. సరేనన్నాను. సాల్బుటమాల్ పఫ్‌ల తర్వాత ఆ పావుగంట ఖాళీ ఉంటుంది కదా, అప్పుడు అవ్వ టీకి వెళ్తే వాడే అన్నాడు. "అక్కా, అవ్వ మీకు కూడా చెప్పొద్దనే చెప్పుంటాది. ఏఆర్‌టీ సెంటర్ బయట అంత బోర్డుంటే నాకు చదవడం రాదా?" మేడం నుంచి అక్కకు అప్పుడే మారాడు. మరి అవ్వతో తెలుసని చెప్పచ్చు కదా అంటే, "చెప్తే ఏడస్తాది" అన్నాడు. ఇద్దరూ ఒకరికొకరు దాచుకుంటున్నారు. నేను కౌన్సిలర్‌ని కాదు. ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సిలర్ ఉంటారు, ఆమెతో మాట్లాడమని మాత్రం చెప్పాను. మాట్లాడాడో లేదో అడగలేదు.

పోయిన నెల మళ్లీ వచ్చాడు. 57. అవ్వ మొహం వాడిపోయింది, ఇన్ని మందులు వాడితే ఒక్కటేనా పెరిగేదని. దిగకపోవడమే గొప్ప అని సార్ చెప్పారు. ఈసారి బ్యారన్ సీజన్‌లో ఒక్కసారి కూడా ఆస్పత్రిలో పడలేదు. స్కూల్లో ఇచ్చుకోవడానికి సార్ ఉత్తరం రాసిచ్చారు, అందులో ఊపిరితిత్తుల జబ్బు అని మాత్రమే ఉంది. వాడికి నడక మాన్పించకూడదు, మెల్లగా రోజూ నడవాలి, పరుగు పందెం మాత్రం వద్దు అని రాశారు. వాడిప్పుడు క్రికెట్‌లో స్కోరు రాస్తున్నాడట, అంపైరింగ్ కూడా. గొడవలొస్తే వీడి మాటే ఫైనల్ అంటున్నాడు.

పరీక్షకు రావాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. ప్రైవేటుకే రానక్కర్లేదు. మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో ఛాతీ విభాగం ఉంటుంది, అక్కడ పీఎఫ్‌టీ ఉందా అని అడగండి. హెచ్‌ఐవీ గురించి ఏదన్నా అడగాలంటే 1097కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. రక్తపరీక్ష అనుకుని పరగడుపున వచ్చి కళ్లు తిరిగి పడిపోతున్నారు, అట్లా రావద్దు. తేలిగ్గా ఇడ్లీయో ఏదో తిని రండి. అట్లాగని దారిలో బిర్యానీ తిని రావద్దు, ఆ పొట్టతో ఊదలేరు. ఇన్‌హేలర్ వాడుతుంటే ఎన్ని గంటల ముందు ఆపాలో ఫోన్‌లో అడిగి రండి. టీబీ అనుమానం ఉంటే ముందు కళ్లె పరీక్ష చేయించుకుని ఆ కాగితం తెండి. పాత ఎక్స్‌రేలన్నీ తెండి. పిల్లలకు బిగుతు జీన్స్ వేయొద్దు. పొద్దున తొమ్మిదిన్నరలోపు వస్తే నా గొంతు కూడా బాగుంటుంది.